సన్యాసిరావు కథకు సవరణలు

మా జిల్లా ఆసుపత్రి సూపరింటెండెంటు డాక్టర్ భీమశంకరంగారు ఎముకల డాక్టరు. విరిగినదాన్ని సరిగ్గా పెట్టి, కట్టు కట్టి, కదలకుండా ఉంచితే అదే అతుక్కుంటుందని ఆయన నమ్మకం. ఆ నమ్మకాన్ని మనసుకి కూడా వర్తింపజేసే అవకాశం ఒక వేసవిలో వచ్చింది. రాజధానిలో ఏదో శిక్షణా శిబిరానికి వెళ్ళి, మెడలో బ్యాడ్జీ తియ్యకుండానే తిరిగొచ్చి, మమ్మల్నందర్నీ హాల్లోకి పిలిపించారు.

"మానసిక విభాగంలో నేటినుంచి కథాచికిత్సను సమగ్రంగా, సత్వరంగా, శాశ్వత ప్రాతిపదికన అమలు చేయబోతున్నాం" అన్నారు.

మానసిక విభాగం అంటే నేనే. నా పేరు తాయారు, సైకాలజిస్టుని. మందులు రాసే డాక్టరుగారు పక్క జిల్లా నుంచి వారానికోసారి వచ్చిపోతారు. మిగతా రోజుల్లో విభాగంలో నేనూ, రెండు కుర్చీలూ, ఒక ఫ్యానూ ఉంటాం.

నిజానికి ఆ పద్ధతి మంచిదే. మనిషి తనకి జరిగింది తన మాటల్లో, తనకి తోచిన వరుసలో చెప్పుకుంటూ పోతే, ఎదుటివాళ్ళు తొందరపెట్టకుండా వింటే, ఒక్కోసారి ముడి తనంతట తనే వదులవుతుంది. ఇన్నేళ్ళుగా ఆ రెండు కుర్చీల్లో జరుగుతున్నది అదే. దానికి ఒక పేరుందనీ, పేరున్నాక ఒక సంఘం కూడా ఉండాలనీ నాకు ఆ రోజే తెలిసింది.

సంఘం పేరు 'కథా నాణ్యతా నిర్ధారణ సంఘం'. అధ్యక్షులు భీమశంకరంగారు. సభ్యులు ఇద్దరు. ఒకరు రిటైరైన తెలుగు లెక్చరర్ సోమయాజులుగారు. రెండోవారు జిల్లా గణాంక అధికారి జేకబ్ రత్నంగారు. నేను కన్వీనర్ని. అంటే కుర్చీలు వేయించి, టీలు చెప్పి, అభిప్రాయం చెప్పకుండా కూర్చునేదాన్ని.

మొదటి సమావేశంలోనే నియమాలు తయారయ్యాయి. రోగి చెప్పే కథకి ఆది, మధ్యం, అంతం ఉండాలి. నాయకుడు ధీరుడై ఉండాలి. అంతం శుభంగా ఉండాలి. కథ ఏ ప్రభుత్వ శాఖనూ కించపరచరాదు.

"ఈ చివరిది ఏ అలంకారశాస్త్రంలో ఉందండీ?" అని సోమయాజులుగారిని అడిగాను.

ఆయన కళ్ళజోడు తుడుచుకుంటూ, "అలంకారశాస్త్రంలో లేదమ్మా. పెన్షను తీసుకునేవాడి అనుభవంలో ఉంది" అన్నారు.

మొదటి వారం అరుంధతమ్మ అనే ఆవిడ కథ వెనక్కొచ్చింది. ఈ బాధ ఎప్పుడు మొదలైందమ్మా అంటే, "పుట్టిందగ్గర్నుంచీ ఇంతేనండీ" అంది పాపం. కథకి ఆది లేదని తిప్పి పంపారు. తర్వాత ఒక కాలేజీ కుర్రాడు తన కథంతా చెప్పి, చివర్లో "ఇప్పుడేం చెయ్యాలో తెలీదు" అన్నాడు. అంతం లేదన్నారు. అంతం దొరికాక రమ్మన్నారు. అతను మళ్ళీ రాలేదు. జేకబ్ రత్నంగారు అతన్ని 'స్వస్థత పొందినవారు' అనే గడిలో వేసుకున్నారు.

ఆ తర్వాత సన్యాసిరావు వంతు వచ్చింది.

సన్యాసిరావు మా ఆసుపత్రి అంబులెన్సు డ్రైవరే. భుజం మీద తువ్వాలు, పెదవి మీద ఎప్పుడూ ఏదో ఒక కూనిరాగం ఉండే మనిషి. రోడ్డు మీద ఎవరికి అడ్డమొచ్చినా తనే క్షమాపణ చెప్పేవాడు. అలాంటివాడు అంతకుముందు చలికాలం నుంచీ బండి ముట్టుకోవడం మానేశాడు. తాళం పెట్టగానే చేతులు వణుకుతున్నాయన్నాడు. సెలవు మీద సెలవు పెట్టాడు. చివరికి ఆసుపత్రివాళ్ళే, నీకు మనసు బాగుందని సైకాలజిస్టు చెబితేనే మళ్ళీ డ్యూటీ అని నా దగ్గరికి పంపారు.

మొదట్లో ఫ్యానుకేసి చూస్తూ కూర్చునేవాడు. నేను కదిలించలేదు. ఒకరోజు తనే మొదలుపెట్టాడు.

"ఆ రోజు మెయిన్ రోడ్డంతా ర్యాలీ అండి. రోడ్డు భద్రతా వారోత్సవాలు. బడిపిల్లలకి హెల్మెట్లు పెట్టి నడిపిస్తన్నారు. డప్పులు, మైకులు. నా బండిలో ఏమో నెలలు నిండిన మనిషండి, సుగుణని. నొప్పులు ఎక్కువైపోతే అక్కడి చిన్నాసుపత్రోళ్ళు ఇక్కడికి తీసుకెళ్ళిపొమ్మన్నారు. ఎనకాల ఆ పిల్ల అత్తగారు ఉంది. నేను సైరను కొడతన్నాను. కానిస్టేబులొచ్చి సైరను ఆపమన్నాడండి."

"ఎందుకు?"

"పెద్దసారు మైకులో మాట్లాడతన్నారంట. ఈ గోలకి వినపడట్లేదంట."

"ఏం మాట్లాడుతున్నారు?"

సన్యాసిరావు నా మొహంకేసి చూశాడు. "అంబులెన్సులకి దారివ్వాలని అండి" అన్నాడు.

నేను రాసుకుంటున్న పెన్ను పక్కన పెట్టాను.

"దిగి దండం పెట్టేనండి. కాళ్ళు పట్టుకున్నాను. అయిపోవచ్చింది, అయిపోవచ్చింది అంటాడు. ర్యాలీ కదిలేసరికి ఎనకాల అరుపులు ఆగిపోయేయి. తీసుకొచ్చేను. లోపలికి పట్టుకుపోయేరు. కాసేపటికి ఎవరో బయటికొచ్చి పోయింది అన్నారు. తాళం కిటికీలో పెట్టేసి ఇంటికి నడిచిపోయేనండి." తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "చేపలబజారు సందు ఒకటుందండి. అందులోంచి తిప్పుంటే..."

"అందులో అంబులెన్సు పడుతుందా?"

"పట్టదండి." తువ్వాలు భుజాన వేసుకుంటూ, "అయినా..." అన్నాడు.

ఆ 'అయినా' దగ్గరే మా పని. వచ్చినప్పుడల్లా అదే కథ చెప్పేవాడు. చెప్పినప్పుడల్లా ఏడ్చేవాడు. కానీ ప్రతిసారీ కథలో కొంచెం వెలుతురు పెరిగేది. ఒకసారి కానిస్టేబులు కళ్ళలో కూడా నీళ్ళు తిరిగాయని గుర్తొచ్చింది. ఇంకోసారి, చేపలబజారు సందులోకి పరిగెత్తుకెళ్ళి చూసొచ్చానని గుర్తొచ్చింది. దారి వెతకలేదనుకుంటున్న మనిషికి తను వెతికాడని తెలియడం చిన్న విషయం కాదు. ఒకరోజు వెళుతూ వెళుతూ షెడ్డు దగ్గర ఆగి, అంబులెన్సు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. కిటికీలోంచి చూసి, ఇంక కొన్నాళ్ళే అనుకున్నాను.

ఆ వారమే అతని కథని పరిశీలనకి పెట్టమని సంఘం కబురుపెట్టింది.

సన్యాసిరావు వాళ్ళ ముందు నిలబడి, నా దగ్గర చెప్పినట్టే చెప్పాడు. సోమయాజులుగారు కళ్ళు మూసుకుని విన్నారు. భీమశంకరంగారు మాత్రం ర్యాలీ అన్న మాట దగ్గరే కుర్చీలో ముందుకు జరిగారు.

"రోడ్డు భద్రతా వారోత్సవం వల్ల రోడ్డు మీద మనిషి పోయిందని ప్రభుత్వ ఆసుపత్రిలో కూర్చుని మనమే అంటామా? ఆ రోజు వేదిక మీద ఎవరెవరున్నారో తెలుసా? నేనున్నాను!"

"నాయకుడు కాళ్ళు పట్టుకొనుట ధీరోదాత్త లక్షణము కాదు" అన్నారు సోమయాజులుగారు కళ్ళు తెరిచి. "అంతము అశుభము. రెండు దోషములు."

"సార్, అది జరిగింది" అన్నాను.

"జరిగినదానికి మనం బాధ్యులం కాము తాయారుగారూ. కథకి బాధ్యులం. ఆలస్యానికి వేరే కారణం చూడండి. వర్షం పెట్టండి" అన్నారు భీమశంకరంగారు.

వర్షం పెట్టారు. వర్షం పెట్టాక మున్సిపల్ ఇంజనీరుని ప్రత్యేక ఆహ్వానితుడిగా పిలవాల్సి వచ్చింది. ఆయన వచ్చీ రాగానే, వర్షానికి రోడ్డు మునిగిందంటే డ్రైనేజీ పనిచెయ్యనట్టు అర్థమొస్తుందని అభ్యంతరం చెప్పారు. పైగా తమ పరిధిలో నీరు నిలవదనీ, 'తాత్కాలికంగా విశ్రమిస్తుంద'నీ వివరించారు.

వర్షం తీసేసి ఏనుగుల్ని పెట్టారు. ఈ మధ్య కొండవైపు ఊళ్ళలోకి ఏనుగులు దిగుతున్నాయి కనక నమ్మేటట్టుగానే ఉంటుందన్నారు జేకబ్ రత్నంగారు. అటవీశాఖ నుంచి వచ్చిన రేంజరుగారు మర్యాదగా నవ్వి, "మా ఏనుగులు నిర్దేశిత ప్రాంతం దాటి సంచరించవండి. సంచరించినా పట్టణంలో ట్రాఫిక్‌కి అంతరాయం కలిగించే స్వభావం వాటికి లేదు" అన్నారు.

ఏనుగులు వెళ్ళిపోయాయి. టైరు పంక్చరు అయిందన్నారు. టైర్లు కొన్న కమిటీకి అధ్యక్షులు భీమశంకరంగారే అని ఎవరో గుర్తుచేశారు. టైరులో గాలి మళ్ళీ నిండింది. సుగుణ ఆలస్యంగా బయల్దేరిందన్నారు. స్త్రీ శిశు సంక్షేమశాఖావిడ లేచి నిలబడ్డారు. సుగుణ కూడా సకాలంలో బయల్దేరింది.

"పోనీ విధి అందాం" అన్నారు సోమయాజులుగారు, అలసిపోయి. "మన సాహిత్యమంతా దాని మీదే నడిచింది."

జేకబ్ రత్నంగారు తన కాగితాలు ముందుకీ వెనక్కీ తిప్పి, "విధి అనే గడి మా దగ్గర లేదండి" అన్నారు.

టీలు వచ్చాయి. అందరూ తాగుతూ ఆలోచించారు. శాఖ లేని కారణం ఏదన్నా ఉంటుందా అని వెతుకుతున్న వాళ్ళ చూపులు గదంతా తిరిగి, తలుపు దగ్గర తువ్వాలు నలుపుతూ నిలబడ్డ మనిషి మీద ఆగాయి.

"డ్రైవరు కాసేపు కునుకు తీశాడు" అన్నారు భీమశంకరంగారు నెమ్మదిగా. "మనిషన్నాక అలసట సహజం. తర్వాత పశ్చాత్తాపపడ్డాడు. ఇకముందు కునుకు తియ్యనని ప్రతిజ్ఞ చేశాడు. శుభం!"

"పరివర్తన! బాగుంది" అన్నారు సోమయాజులుగారు. "నాయకుడికి ఎదుగుదల కూడా వచ్చింది."

ఇంజనీరుగారికీ, రేంజరుగారికీ, సంక్షేమంవారికీ అభ్యంతరం లేదు. భీమశంకరంగారు సన్యాసిరావు వైపు తిరిగి, చాలా ఆదరంగా, "నీకేమన్నా అభ్యంతరమా?" అని అడిగారు.

సన్యాసిరావు తువ్వాలు నలపడం ఆపాడు.

"అయ్యుండొచ్చండి" అన్నాడు.

ఇన్నాళ్ళూ అతను భయపడుతున్నది అదే. తప్పు తనదేమోనని. ఆ భయాన్ని నేను కొంచెం కొంచెంగా కరిగిస్తూ వచ్చాను. పెద్దవాళ్ళందరూ టీ తాగుతూ ఏకగ్రీవంగా దాన్ని నిజం చేసేశారు.

ఆ మధ్యాహ్నం భీమశంకరంగారి గదికి వెళ్ళాను. "సార్, అది అబద్ధం. అది అతనికి హాని చేస్తుంది" అన్నాను.

ఆయన నావైపు జాలిగా చూశారు. "తాయారుగారూ, మీరు సెంటిమెంటుకి పోతున్నారు. కథంటేనే అబద్ధం కదండీ!"

ఎముకకి కట్టులాగ, కథ అతుక్కునేదాకా కదలకూడదని ఆయన ఉత్తర్వు. కాబట్టి సన్యాసిరావు రోజూ వచ్చి, సవరించిన కథని సంఘం ముందు అప్పజెప్పాలి. "నేను కునుకు తీశాను. మనిషి పోయింది. ఇకముందు తియ్యను." మొదట్లో మాటలు తడబడేవి. తర్వాత తడబడలేదు. ఏడుపు కూడా ఆగిపోయింది. ఒకటే గొంతు, ఒకటే చూపు. జేకబ్ రత్నంగారు దాన్ని 'ఆశాజనక స్థిరత్వం' అన్నారు. రాష్ట్రస్థాయి సదస్సులో మా జిల్లా తరఫున అతని చేతే చెప్పించాలని, అతనికి కొత్త చొక్కా కుట్టించాలని నిర్ణయించారు.

అతని భార్య నూకరత్నం నా దగ్గరికి వచ్చింది. కుర్చీలో కూర్చోలేదు.

"ఏటి మందు ఎడతన్నారు మేడంగారూ మా ఆయనకి? ముందు ఏడ్సేవోడు. ఏడిసినా అన్నం తినీవోడు. ఇప్పుడు అద్దంలో సూసుకుంటా నాను కునుకు తీసేను, నాను కునుకు తీసేను అనుకుంటన్నాడు. ఏడిసినప్పుడే నయంగుండీవోడు."

ఇంట్లో అయినా ఆ అసలు కథే చెప్పించమన్నాను. చెప్పమంటే, "అది కాదంట. సార్లు దిద్దేరు" అంటున్నాడంది. వారానికోసారి వచ్చే డాక్టరుగారికి చెప్పాను. ఆయన సంఘం నిర్ణయాల్లో జోక్యం చేసుకోలేనన్నారు. ఇంక అతన్ని సంఘానికి పంపకుండా ఆపేద్దామని నేను నిశ్చయించుకున్న రోజున సన్యాసిరావు అసలు రాలేదు. ఇంట్లోనూ లేడు. నూకరత్నం ఏడుస్తూ ఆసుపత్రికి వచ్చింది. ఇద్దరం బస్టాండుకీ, రైలుస్టేషనుకీ మనుషుల్ని పంపాం. చెడ్డ ఆలోచనలన్నీ వచ్చాయి.

మర్నాడు సంఘం కూర్చునే వేళకి వరండాలో పెద్ద గొంతు వినపడింది.

"ఏడీ? కునుకు సంగతి సెప్పినోడెవుడు?"

బయటికి పరిగెత్తాను. చంకలో పసిపాపతో ఒక ముసలావిడ, ఆవిడ గుప్పెట్లో సన్యాసిరావు చొక్కా చెయ్యి. తప్పిపోయిన దూడని ఈడ్చుకొచ్చినట్టు తీసుకొచ్చింది. ఆవిడ పేరు పారమ్మ. సుగుణ అత్తగారు.

సన్యాసిరావు ముందురోజు బస్సెక్కి వాళ్ళ ఊరెళ్ళాడట. వాకిట్లో ఆవిడ కాళ్ళ మీద పడి, "నేను కునుకు తీసేనమ్మా, నీ కోడల్ని నేనే చంపేను" అన్నాడట.

"కర్ర తీద్దునే గానీ, మొకం సూసి ఆగేను" అంది పారమ్మ నాతో. "ఈడికి కునుకేటమ్మా? ఆ మైకుల్లో, ఆ డప్పుల్లో? నాను బండిలో లేనా? నా కళ్ళతో నాను సూడలేదా? సార్లు సెప్పేరంటాడు. ఏ సార్లు? ఆ బండిలో ఏ సారున్నాడు?"

లోపలికి తీసుకెళ్ళబోతే భీమశంకరంగారు గుమ్మం దగ్గరే చెయ్యి అడ్డం పెట్టారు. "బయటివారికి ప్రవేశం లేదు. సంఘం ముందు కథ చెప్పే అర్హత నమోదైన రోగులకే."

నేను పారమ్మ వైపు తిరిగి, "నీకు నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగాను.

"కోడలు పోయిన ఇంట్లో నిద్రేటమ్మా!"

ఓపీ చీటీ రాసిచ్చాను. పారమ్మ నమోదైన రోగిగా లోపలికి నడిచి, సోమయాజులుగారికి ఎదురుగా నేల మీద చతికిలబడి, పసిగుంటని ఒళ్ళో వేసుకుంది. కుర్చీలో కూర్చోమంటే వద్దంది.

"ఇనండి. నా కోడలు నా సెయ్యి ఒగ్గలేదు. గోళ్ళు దిగిపోయేయి. ఈ బాబు దిగి పోలీసోడి కాళ్ళు పట్టుకున్నాడు. లేసి హెల్మెట్టు పిల్లల మద్దినుంచి పరిగెట్టేడు, సందులోకెల్లి సూసొచ్చేడు, మళ్ళీ పరిగెట్టి మైకు కాడికెల్లేడు. అక్కడ మెళ్ళో దండేసుకున్న బాబొకడు, దిగు దిగు అని కసిరేడు. మళ్ళీ బండి కాడికొచ్చి, తలుపు తీసి నా కోడలితో అన్నాడు, ఇదిగో తల్లీ, ఎల్లిపోతన్నాం, ఇదిగో అని. ఆ మాట దానికి ఇనబడింది. తలూపింది. అదే ఆకరి." పారమ్మ కొంగుతో కళ్ళొత్తుకుంది. "ఇక్కడికొచ్చేక దాక్టరమ్మ కోసి దీన్ని తీసింది. దాన్ని బతికించలేకపోయింది. ఇది దక్కింది."

సన్యాసిరావు గోడకి చేరబడి నిలబడ్డవాడు కాస్తా నెమ్మదిగా కూలబడ్డాడు. పాప బతికిందని అతనికి తెలీదు. తాళం కిటికీలో పెట్టి వెళ్ళిపోయినవాడు మళ్ళీ ఎవర్నీ అడగలేదు. నిన్న ఆ వాకిట్లో పిల్ల ఏడుపు విన్నాడు, ఇవాళ దారంతా ఆవిడ చంకలో చూశాడు గానీ, ఎవరి పిల్లో అడిగే ధైర్యం లేకపోయింది. ప్రసూతి వార్డు మా సంఘం గదికి ఎదురుగానే ఉంది. మాలో కూడా ఎవరూ వరండా దాటి వెళ్ళి అడగలేదు. కథలో ఆ పాత్ర లేదు మరి.

గదిలో అందరికంటే ముందు తేరుకున్నది సోమయాజులుగారు. "శిశువు జీవించెనా! ఈ సంగతి మొదటే చెప్పకూడదా? శుభాంతం సిద్ధంగా ఉండగా ఏనుగుల దాకా పోయాం!"

"సుబమా?" అంది పారమ్మ. ఆయన కళ్ళజోడు తీసి చేతిలో పట్టుకున్నారు, తుడవలేదు.

జేకబ్ రత్నంగారు మాత్రం చాలాసేపటినుంచి నుదురు చిట్లించి ఏదో చూసుకుంటున్నారు. "ఒక సాంకేతిక ఇబ్బంది ఉందండి. ఈవిడ కథా, డ్రైవరు మొదట చెప్పిన కథా ఒకటే. అదే బండి, అదే రోడ్డు, అదే మనిషి. ఇద్దరు రోగులు ఒకే కథ చెబితే ఎవరి ఖాతాలో వేసుకోవాలి?"

భీమశంకరంగారికి ప్రాణం లేచొచ్చింది. మెళ్ళో దండేసుకున్న బాబెవరన్న ప్రశ్న రాకముందే ఆయన లేచి నిలబడ్డారు. "ఇది అనుకరణ! గ్రంథచౌర్యం! కథాచికిత్స మౌలికతను దెబ్బతీసే చర్య! ఇద్దర్నీ చికిత్స నుంచి తక్షణం తొలగిస్తున్నాం."

"తొలగిస్తే వీళ్ళు రోగులు కారండి" అన్నారు జేకబ్ రత్నంగారు.

"కారు!"

"రోగి కానివాడు అనారోగ్య సెలవులో ఉండడానికి వీల్లేదండి. డ్యూటీలో ఉన్నట్టే లెక్క. నా లెక్కల్లో మూడో గడి లేదు."

భీమశంకరంగారు ఒక్క క్షణం తటపటాయించారు. ఒక మాట అనేశాక గడి మార్చడం ఆయన పద్ధతి కాదు. "అయితే ఉండనీండి" అన్నారు. ఆ రకంగా సన్యాసిరావుకి మనసు బాగైందని మా సంఘం తేల్చింది. సదస్సుకి కుట్టించిన చొక్కా స్టోరులోనే ఉండిపోయింది.

బయట వేపచెట్టు కింద సన్యాసిరావు వెక్కి వెక్కి ఏడ్చాడు. నెలల తరబడి ఆగిపోయిన ఏడుపు. నూకరత్నం పక్కన కూర్చుని, "ఏడు, ఏడు" అంటోంది సంతోషంగా. పారమ్మ పసిగుంటని తీసుకొచ్చి, అడక్కుండా అతని ఒళ్ళో పెట్టింది.

"పేరేటమ్మా?" అన్నాడు చాలాసేపటికి.

"ఇంకా ఎట్టలేదు. దీనయ్యకి దీన్ని సూడ్డానికి మనసొప్పలేదు ఇన్నాళ్ళూ. ఎడదాం. నువ్వూ రా ఆ రోజుకి."

డ్యూటీలో ఉన్నట్టే లెక్క అన్నారు కనక షెడ్డు కుర్రాళ్ళు తాళం తెచ్చి ఇచ్చారు. సన్యాసిరావు పాపని పారమ్మకి అందించి, తాళం తీసుకుని, అంబులెన్సు చుట్టూ ఒకసారి తిరిగి, ముందు సీట్లో కూర్చున్నాడు. ఇంజను అందుకుంది. తల బయటికి పెట్టి, "ఎక్కమ్మా, ఊరిదాకా దించేసొస్తాను. బండికి సర్వీసింగు ఎలాగూ అటే" అన్నాడు.

పారమ్మ బండి వెనక తలుపుకేసి చూసింది. తల అడ్డంగా ఊపింది.

"నానెక్కను బాబూ. ఈ జన్మలో ఆ బండి నానెక్కను" అంది. "నువ్వు తోలు."

మనవరాలిని భుజానేసుకుని ఆటోలవైపు నడిచింది. ఆవిడ ఎక్కి, ఆటో కదిలేదాకా సన్యాసిరావు బండి కదపలేదు. తర్వాత గేటు దాకా వచ్చి, ఆగి, అటూ ఇటూ చూసుకుని, నెమ్మదిగా రోడ్డెక్కాడు.